గాదె పక్క సందు

కిందటివారం మిమ్మల్ని మా వంటింట్లో రేడియో ముందు కూర్చోబెట్టి వెళ్లిపోయాను. ఆదివారం మధ్యాహ్నం. బల్ల మీద బంగాళాదుంపల ముద్ద, దాని మీద అమ్మ చేసిన నూడుల్సూ గొడ్డుమాంసమూ. ఎవరూ చెంచా ముట్టుకోలేదు. బాస్కెట్‌బాల్ సెక్షనల్ పోటీల్లో ఏ స్కూలుకి ఏ స్కూలు ఎదురో చీటీలు తీసి రేడియోలో చదువుతున్నారు. మొదటి ఆటకి మా ఊరు వెండెల్ పేరు వచ్చింది. ఆ చదివే ఆయన గొంతు సవరించుకుని, తీరిగ్గా రెండో చీటీ విప్పాడు. హార్లన్ క్రీక్.

జిల్లాలో ఇన్ని స్కూళ్లుండగా హార్లన్ క్రీకే రావాలా? క్రిస్మస్ సెలవులవగానే వాళ్ల జిమ్‌లో మమ్మల్ని చితక్కొట్టి పంపింది వాళ్లే. వాళ్లలో మార్లిస్ క్రౌస్ అనే పిల్ల ఆటంతా నన్ను వదలకుండా పట్టుకుని, ఎందుకూ పనికిరానిదాన్ని చేసింది. వాళ్ల బెంచీ మీద చేతులు కట్టుకుని ఆ తమాషా చూస్తూ కూర్చున్న అసిస్టెంట్ కోచ్ ఎవరో కాదు, మా అక్క గ్రెటా. ఇప్పుడు అదే గ్రెటా బల్లకి అటువైపు కూర్చుని వెన్న గిన్నె నా ముందుకి జరిపింది.

"తిను, రో, చల్లారిపోతోంది," అంది. రో అంటే నేనే.

నాకు ఒళ్లు మండిపోయింది.

భోజనాల బల్ల దగ్గర ఆట ఊసెత్తకూడదని మా అమ్మ చట్టం. గ్రెటా, నేనూ ఒకరి మీద ఒకరం బఠానీలు విసురుకున్న రోజుల్లో పుట్టిన చట్టం అది. చీటీల రోజు ఒక్కరోజే రేడియోకి మినహాయింపు. చీటీలైపోగానే అమ్మ లేచి రేడియో కట్టేసింది. నాన్న నూడుల్స్ కలుపుకుంటూ ఈసారి పందుల ధర ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టారు. ఆయన తప్పేమీ లేదు. ఒక కూతురు ఇటు, ఒక కూతురు అటు నిలబడితే ఏ తండ్రయినా పందుల గురించే మాట్లాడతాడు.

నేను మాత్రం గోడకేసి చూస్తున్నాను. క్యాలెండర్ పక్కన మేకుకి ఒక తెల్లటి తాడు ముక్క వేలాడుతోంది. గ్రెటా స్కూల్లో ఆఖరి ఏడాది వెండెల్ సెక్షనల్ గెలిచింది. గెలిచినవాళ్లు నిచ్చెన వేసుకుని, రింగుకున్న వలని తలా ఒక ముక్క కత్తిరించుకుంటారు. అది గ్రెటా ముక్క. నేను హైస్కూల్లో అడుగుపెట్టిన రోజు నాన్న దాని పక్కనే ఇంకో మేకు కొట్టారు. కొట్టేసి వెళ్లిపోయారు. ఆ మేకుకి ఇప్పుడు అమ్మ ఈగలు కొట్టే బద్ద తగిలిస్తోంది.

నాకిది ఆఖరి ఏడు. సెక్షనల్‌లో ఒక్క ఆట ఓడితే అక్కడితో సరి, ఇంటికే. ఆ తర్వాత ఆ మేకు ఎప్పటికీ ఈగల బద్దదే.

గిన్నెలు తీస్తుండగా గ్రెటా కోటు వేసుకుంది. వెళ్తుందేమో అనుకున్నాను. ఆదివారాలు భోజనం అవగానే ఏదో పనుందని వెళ్లిపోవడం ఈ శీతాకాలం మొదలైన దగ్గర్నుంచీ అలవాటు చేసుకుంది. ఈసారి వెళ్లనివ్వదలచుకోలేదు. వెనక తలుపు దగ్గర బూట్ల మధ్యనుంచి బంతి తీసి చంకలో పెట్టుకుని, పెరట్లోకి రమ్మన్నాను. గ్రెటా గడియారం చూసుకుంది. తర్వాత నా మొహం చూసింది. సరే అంది.

మా పెరడంటే పచ్చగడ్డి కాదు. పశువుల కొట్టం ముందు గట్టిపడ్డ మట్టి, జనవరిలో రాయిలా ఉంటుంది. కొట్టం గోడకి నాన్న ఎప్పుడో బిగించిన రింగు. దాని ఎదురుగా నిలబడితే ఎడమచేతివైపు ఇల్లు, కుడిచేతివైపు మొక్కజొన్న గాదె. కండెలు నిలవచేయడం మానేసి ఏళ్లయినా తాత కట్టిందని నాన్న దాన్ని పడగొట్టరు. బద్దల మధ్య సందుల్లోంచి మేకులు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. నా మోచేతి మీద ఇప్పటికీ ఒక గీత ఉంది.

అందుకే నేను కుడివైపు వెళ్లను. కుడిచేతివాటం పిల్లనే, అయినా ఎప్పుడూ ఎడమకే. ఈ సంగతి గ్రెటాకి తెలుసు కాబట్టి చిన్నప్పట్నుంచీ ఇంటివైపే కాపు కాసేది. కుడివైపు గాదె ఎలాగూ దానికి రెండో ఆటగత్తె. గ్రెటాని దాటాలంటే దాని ఒంటి మీదుగా, మోచేతుల మీదుగా, దాని తిట్ల మీదుగా వెళ్లాలి. అలా వెళ్లీ వెళ్లీ నాకు ఎడమ ఎంత గట్టిపడిందంటే, హైస్కూల్లో ఎవరూ ఆపలేకపోయారు. అడ్డంగా ఇద్దరు నిలబడ్డా ఆగేదాన్ని కాదు. పేపరువాళ్లు పొగిడారు, మా కోచ్ పర్డమ్ మీటింగుల్లో నన్ను నిలబెట్టి చూపించాడు. గాదె సంగతి ఎవరికీ తెలియదు.

హార్లన్ క్రీక్‌లో ఆ రోజు మార్లిస్ అచ్చం గ్రెటాలాగే ఎడమవైపు నిలబడింది. కుడివైపంతా నున్నటి చెక్క నేల, ఖాళీ. విరామంలో పర్డమ్ నా చొక్కా పట్టుకుని, కుడికి వెళ్లవే తల్లీ, అక్కడ పురుగు కూడా లేదు, అని మొత్తుకున్నాడు. వెళ్దామనే అనుకున్నాను. కాళ్లు రాలేదు. రెండో సగంలో నేను ఒక్క పాయింటు కూడా చేయలేదు. వాళ్ల జనం నా పేరు పాటలా పాడారు.

"పదకొండుకి," అన్నాను గ్రెటాతో. "ఎప్పటిలాగే. కొట్టినవాళ్లదే బంతి, నెత్తురొస్తేనే ఫౌల్." ముందు పదకొండు పాయింట్లు చేసినవాళ్లే గెలిచినట్టు, పాయింటు కొట్టినవాళ్ల చేతికే మళ్లీ బంతి.

గ్రెటా మోకాలి పట్టీ సరిచేసుకుంది. కాలేజీ రెండో ఏడులో ఆ మోకాలు పోయి దాని ఆట అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు పరుగెత్తితే ఒక కాలు కాస్త ఆలస్యంగా వస్తుంది. నేనేమో రోజూ ఊపిరాడకుండా పరిగెత్తే పదిహేడేళ్లదాన్ని. ఇవాళైనా గెలవకపోతే నన్ను నేను ఏమనుకోవాలి?

ఏమనుకోవాలో తెలిసేలా చేసింది. ఒంటికాలితో కూడా అది తన నడుముని ఎక్కడ పెట్టాలో అక్కడ పెడుతుంది. నేను ఎడమకి దూకితే దాని తుంటి ఎదురొస్తుంది, ఆగి వేస్తే దాని వేళ్లు కళ్ల ముందుంటాయి. మధ్యలో నేను నాలుగు వరసగా కొట్టి ఇక అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాత మళ్లీ బంతి దాని చేతికి వెళ్లి తిరిగి రాలేదు. పదకొండు, ఎనిమిది. చిన్నప్పట్నుంచీ ఈ మట్టిలో నేను గ్రెటా మీద గెలిచింది లేదు. ఒక్కసారంటే ఒక్కసారి లేదు.

బంతిని గాదెకేసి కొట్టాను. బద్దలు గలగలలాడాయి.

"నువ్వే చెప్పావు కదా," అన్నాను.

"ఏం చెప్పాను?"

"నేను కుడికి వెళ్లలేనని. దానికి. ఆ మార్లిస్‌కి."

"చెప్పలేదు."

"అబద్ధం. నువ్వు నిలబడే చోటే నిలబడింది. నీ కాళ్లలాగే పెట్టింది కాళ్లు. ఈ పెరట్లో నువ్వు తప్ప ఇంకెవరున్నారు, గాదె చెప్పిందా?"

గ్రెటా ఆయాసం తీర్చుకుంటూ కొట్టం గుమ్మం మీద కూర్చుంది. తను చెప్పలేదనీ, ఆ పిల్ల నా ఆటల వీడియో టేపులు తెప్పించుకుని తనే కనిపెట్టిందనీ అంది. నేను నమ్మలేదు. నమ్మే మొహం పెట్టలేదు కూడా. వెండెల్ నీకు కోచ్ పని ఇవ్వలేదని కడుపుమంట నీకు, అది నా మీద తీర్చుకుంటున్నావు, అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఊళ్లోవాళ్లు నీ గురించి ఏమంటారో తెలుసా, పాపం గ్రెటా చెల్లెల్ని రాటుదేల్చడానికే అంత కఠినంగా ఉండేదట, ఎంత ప్రేమట, అని వాళ్లు చర్చిలో చెప్పుకుంటారు, వాళ్లొచ్చి నిన్ను ఆ బెంచీ మీద చూడాలి, అన్నాను.

గ్రెటా నవ్వింది. సంతోషంగా కాదు.

"రాటుదేల్చడానికా? నాకంత ఓపికెక్కడిదే. నాకు ఓడిపోవడం ఇష్టం లేదు, అంతే. నీకు ఆరేళ్లప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నువ్వు ఏడుస్తూ ఇంట్లోకి పరిగెత్తేదానివి చూడు, నాకు జాలేసేది కాదు. మళ్లీ వస్తావా రావా అని మాత్రం చూసేదాన్ని. ఎందుకంటే ఇక్కడ ఆడటానికి నువ్వు తప్ప నాకెవరూ లేరు."

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. ప్రేమ అని ఉంటే వెక్కిరించేదాన్ని. నిజం చెబితే ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

"ఇప్పుడు మాత్రం ఎవరున్నారు నీకు ఆడటానికి?" అన్నాను చివరికి.

గ్రెటా మళ్లీ గడియారం చూసుకుంది. అప్పుడు నాకు వెలిగింది. ఆదివారాలు, భోజనం అవగానే, పనుందని.

"మార్లిస్‌తోనా?"

తలూపింది. వాళ్ల ఊరి చర్చి వెనక ఒక రింగు ఉందట. మార్లిస్‌కి అన్నదమ్ములూ లేరు, అక్కచెల్లెళ్లూ లేరు. తనతో ఆడమని అదే వచ్చి అడిగిందట. మొదట్లో ప్రతివారం ఓడిపోయి, ప్రతివారం మళ్లీ వచ్చేదట. అక్కడా పదకొండుకే, అక్కడా కొట్టినవాళ్లదే బంతి, అక్కడా నెత్తురొస్తేనే ఫౌల్. మా నియమాలు. ఈ పెరట్లో మేమిద్దరం కొట్టుకుని, కరుచుకుని తయారు చేసుకున్న నియమాలు తీసుకెళ్లి దానికిచ్చేసింది.

"గెలిచిందా ఎప్పుడైనా?" అని అడిగాను.

"పోయిన ఆదివారం," అంది గ్రెటా.

నాకు ఏడుపు రాలేదు. ఏడుపొస్తే బాగుండేది. నేను పుట్టిన దగ్గర్నుంచీ చేయలేకపోయిన పని ఆ పిల్ల ఒక్క శీతాకాలంలో చేసేసింది, అదీ మా అక్క మీద, మా నియమాలతో. గెలవడానికి కూడా నాకు మిగల్చలేదు.

సరిగ్గా అప్పుడే మా దారిలోకి ఒక పాత నీలం పికప్ తిరిగింది. కంకర మీద నెమ్మదిగా వచ్చి కొట్టం పక్కన ఆగింది. అందులోంచి మార్లిస్ క్రౌస్ దిగింది. నాకంటే ఒక తల పొడవు, ఎర్రబడ్డ ముక్కు, చంకలో సొంత బంతి. నన్ను చూసి ఆగిపోయింది. నేను ఇంట్లో ఉంటానని దానికి తట్టలేదో ఏమో. ఎక్కడుంటాననుకుందో మరి.

గ్రెటా లేచి నిలబడింది. కంగారులో నోరు జారింది.

"ఇక్కడికెందుకొచ్చావు, బఠానీ?"

బఠానీ నేను. భోజనాల బల్ల మీద విసురుకున్న రోజుల్నుంచీ అది నా పేరు. గ్రెటా తప్ప ఇంకెవరూ పిలవరు, పిలిస్తే నేను పలకను. ఆ పేరు విని నేనూ తలెత్తాను, మార్లిసూ తలెత్తింది. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. గ్రెటా పెదవి కొరుక్కుంది.

"నువ్వు రాలేదు. మోకాలు మళ్లీ పట్టేసిందేమోనని," అని మార్లిస్ గొణిగింది. తర్వాత దాని చూపు నన్ను దాటి, రింగు మీదికి వెళ్లి, అక్కడినుంచి గాదె మీదికి వెళ్లింది. కాసేపు అక్కడే ఆగింది.

"ఓహో," అంది. "ఇదా."

"ఏది?" అన్నాను.

"నువ్వు కుడికి ఎందుకు వెళ్లవో నాకు అర్థమయ్యేది కాదు. నీ టేపులు తిప్పీ తిప్పీ మా అమ్మ మెషీను పాడుచేశాను. చెయ్యి ఎప్పుడో విరిగిందేమో అనుకున్నాను. ఈవిణ్ణి అడిగితే నోరు విప్పదు. నా చెల్లెలి గురించి నన్నడగకు అంటుంది. ఒకసారి మరీ విసిగిస్తే బంతి తీసుకుని ఇంటికెళ్లిపోయింది."

గ్రెటా నాకేసి చూడలేదు. చెప్పలేదన్న మాట నిజమే. పోనీ ఇప్పటికైనా నా కోపం చల్లారిందా అంటే, అదీ లేదు. ఇప్పటిదాకా అక్క మీద మోపిన కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే మోస్తూ నిలబడ్డాను. పైగా ఒక కొత్త మంట. ఆ పిల్ల నన్ను దొంగదెబ్బ తీయలేదు. కూర్చుని, కళ్లు పొడుచుకుని చూసి, కష్టపడి గెలిచింది. దాన్ని అసహ్యించుకోవడానికి కూడా సరైన కారణం దొరకలేదు.

మార్లిస్ గాదె దగ్గరికి నడిచింది. బద్దలకి వీపు ఆనించి నిలబడి, ఒక పక్కకి చెయ్యి చాపింది, అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది.

"ఇక్కడ బోలెడు సందుందిగా," అంది. "మనిషి బంతితో సహా పడుతుంది."

లేదు అనబోయాను. అక్కడ బండి ఉంటుంది. కండెలు మోసే పాత బండి, ఇరుసు విరిగినది, గాదెని ఆనుకుని... అటు తిరిగి చూశాను. బండి లేదు. దాన్ని నాన్న ఎప్పుడో తుక్కు కింద అమ్మేశారు. నేను అప్పుడు ఐదో క్లాసో, ఆరో క్లాసో. అది పోయినట్టు నా కళ్లకి తెలుసు. రోజూ అటుగానే కోళ్లకి మేత తీసుకెళ్తాను. నా కాళ్లకి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లూ లేని బండిని తప్పుకుంటూ ఆడాను. హార్లన్ క్రీక్‌లో, నున్నటి చెక్క నేల మీద, అంత జనం ముందు, లేని బండిని తప్పుకుని ఓడిపోయాను.

"నీకు తెలుసా?" అన్నాను గ్రెటాతో.

"బండి వెళ్లిన రోజే చూశాను," అంది.

"చెప్పలేదేం?"

"చెబితే నువ్వు గెలిచేదానివి."

ఇంత చెత్త సమాధానం నేను జీవితంలో వినలేదు. అయినా అది అబద్ధం కాదని కూడా తెలుసు.

వంటింటి కిటికీలో అమ్మ మొహం కనిపించి మాయమైంది. నేను గాదె కింద పడి ఉన్న మా బంతిని తీసుకున్నాను. గీత దగ్గరికి నడిచి, దాన్ని మార్లిస్ గుండెలకేసి విసిరాను. గీత అంటే మడమతో గీసిన గీతే, మంచు కరిగినప్పుడల్లా మళ్లీ గీస్తాం. మార్లిస్ బంతి పట్టుకుని, నా మొహం చూసి, తిరిగి నా చేతికిచ్చింది.

"పదకొండుకి," అన్నాను.

"కొట్టినవాళ్లదే బంతి," అంది.

ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఇంటివైపు నిలబడింది. గ్రెటా చోట్లో. కాళ్లు అలాగే వెడల్పుగా, ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి నా మొహం ముందు. ఎడమవైపు అది నాకు వదలదు. కుడివైపు గాదె, గాదెకీ రింగుకీ మధ్య ఆ సందు. ఇప్పుడు దాన్ని చూడకుండా ఉండటం నావల్ల కాలేదు. బంతి ఒకసారి నేలకి కొట్టాను. కుడిపాదం బరువెక్కింది. ఈసారి వస్తుందని తెలిసింది.

"రో, వద్దు," అంది గ్రెటా.

నేను తల తిప్పలేదు.

"ఇప్పుడు వెళ్లకు. కుడికి ఇవాళ వెళ్లావంటే అది ఇప్పుడే చూసేస్తుంది. వచ్చేవారానికి సిద్ధమైపోతుంది. దాచుకో. వచ్చేవారం దాకా దాచుకో."

గ్రెటా తనేమన్నదో తనకే అప్పుడు తెలిసినట్టుంది, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. హార్లన్ క్రీక్ అసిస్టెంట్ కోచ్, హార్లన్ క్రీక్ ఆటగత్తె ముందు నిలబడి, హార్లన్ క్రీక్‌ని ఎలా ఓడించాలో నాకు చెప్పింది.

మార్లిస్ చేతులు మెల్లగా కిందికి దిగాయి. కాపు కాసే చోటు వదిలి వెనక్కి తిరిగింది. దాని వీపు నాకు, మొహం గ్రెటాకి. రింగు దాకా దారంతా ఖాళీ, ఎడమా కుడీ రెండూ. నేను కదల్లేదు.

"నువ్వు ఎవరి మనిషివి, గ్రెటా?" అంది మార్లిస్.

పొద్దుట్నుంచీ, కాదు, ఈ శీతాకాలమంతా నేను అడగాలనుకుని గొంతులో పెట్టుకున్న ప్రశ్న అది. అదీ నాకంటే ముందు మార్లిసే అడిగేసింది. ఇప్పుడు జవాబు కోసం ఇద్దరం గ్రెటా మొహంకేసే చూస్తున్నాం.